ఇటుకలు పట్టుకుని డ్రిల్ కొనడానికి వెళ్లాను

ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ఇల్లు కట్టడానికి మనుషులు దొరుకుతారు గానీ, కట్టిన ఇంట్లో నాలుగు కన్నాలు పెట్టడానికి దొరకరు. మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒడియా అబ్బాయి. తెలుగూ ఒడియా కలిపి మాట్లాడతాడు, చాలా మంచివాడు. ఫోన్ చేస్తే "నానీ (అంటే అక్కా), రేపు తప్పకుండా" అంటాడు. ఆ రేపు రాదు. అతన్ని అనడానికీ లేదు. కొత్త ఇళ్ల వైరింగ్ పని వదులుకుని మా కర్టెన్ రాడ్లు బిగించడానికి ఎవరొస్తారు? మా ఆయన ఉద్యోగం విశాఖలో. సెలవుకి ఇంటికొచ్చిన మనిషి చేత గోడలు తొలిపించడం నాకిష్టం లేదు, ఆయనకి అంతకన్నా లేదు. అందుకని డ్రిల్ నేనే కొనుక్కుందామనుకున్నాను.

వైరు ఉన్న మామూలు డ్రిల్ రెండు మూడు వేలకి వస్తుంది. ధరతో పోలిస్తే బలం దానిదే ఎక్కువ. ఏడాదికి ఒకసారి వాడేవాళ్లకి అదే చాలు, ఇందులో నాకు అనుమానం లేదు. నేను బ్యాటరీది కావాలనుకోవడానికి కారణం మా మేడ మీది రేకుల షెడ్డు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజామున ఆ షెడ్డు మీద సగం రేకులు లేచిపోయాయి. తర్వాత రేకులు తెచ్చుకున్నాం, బిగించే మనిషిని కూడా బతిమాలి తెచ్చుకున్నాం. మిషన్ తిరగడానికి కరెంటు లేదు. మా వైపు తుఫాను వచ్చాక కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. పైగా మా పాత ఇంట్లో గదికి ఒక్క స్విచ్ బోర్డే, అదీ తలుపు వెనకాల.

నేను డ్రిల్ కొంటానంటే మా అత్తయ్య నమ్మలేదు. "గోడలకి తూట్లు పెట్టేస్తావేటమ్మా" అన్నారు. పాతపట్నంలో ఉండే మా మరిది మాత్రం వెంటనే ఉత్సాహపడిపోయి వీడియోలు పంపడం మొదలెట్టాడు. "వదినా, కొంటే 18 వోల్టులే కొను, బ్రష్‌లెస్ (కార్బన్ బ్రష్‌లు లేని మోటారు) చూడు, తక్కువలో పోవద్దు" అన్నాడు. అతను పంపిన వీడియోల్లో మగవాళ్లు పెద్ద పెద్ద దుంగలకి అంగుళం కన్నాలు పెడుతున్నారు. మా ఇంట్లో దుంగలు లేవు.

సరే, అసలు ఈ వోల్టులేమిటో చూద్దామని కూర్చున్నాను. ఈ బ్యాటరీల లోపల చిన్న చిన్న లిథియం సెల్లులు వరసగా ఉంటాయి. ఒక్కోటి 3.6 వోల్టులు. మూడు కలిపితే 10.8, నిండా చార్జ్ చేస్తే పన్నెండు దాటుతుంది. దాన్నే 12 వోల్టుల మిషన్ అని అమ్ముతారు. ఐదు కలిపితే 18. నిండా ఉన్నప్పుడు 20, 21 దాకా పోతుంది కాబట్టి కొన్ని కంపెనీలు అదే బ్యాటరీకి '20 వోల్ట్ మ్యాక్స్' అని రాస్తాయి. 18కీ 20కీ మధ్య బలంలో తేడా ఏమీ లేదు, రాసే పద్ధతిలోనే ఉంది. ఆంపియర్ అవర్ అనేది ఎంతసేపు నడుస్తుందో చెప్పే లెక్క. వోల్టుని దాంతో గుణిస్తే లోపలున్న సరుకు తెలుస్తుంది. 12 వోల్టులు (అసలు లెక్క 10.8), 2 ఆంపియర్ అవర్ అంటే సుమారు 22 వాట్ అవర్లు. అదే 2 ఆంపియర్ అవర్ 18 వోల్టులదైతే 36.

ఈ లెక్క తెలిశాక బజారులో ఒక దుకాణంలో నాకు చూపించిన పెట్టె మీద నవ్వొచ్చింది. దాని మీద పెద్ద అక్షరాలతో 48 వోల్టులని ఉంది. ధర చూస్తే పేరున్న 12 వోల్టుల మిషన్‌లో సగం కూడా లేదు. పెట్టె తెరిపించి చార్జర్ తీసి వెనకాల స్టిక్కర్ చదివాను. అవుట్‌పుట్ 21 వోల్టులు అని ఉంది. చార్జర్ 21 ఇస్తుంటే బ్యాటరీ 48 ఎలా అవుతుంది? అందులోనూ ఐదు సెల్లులే. "అందరూ ఇదే తీసుకెళ్తున్నారు మేడం" అన్నాడు కుర్రాడు. తీసుకెళ్తూనే ఉండొచ్చు. అది పనిచేయదని నేననను. 48 అని రాసినవాడు మిగతా అంకెలు మాత్రం నిజం రాస్తాడని ఎలా నమ్మను? మీరు ఎక్కడ కొన్నా ముందు చార్జర్ వెనక్కి తిప్పి చూడండి. కళ్లజోడు ఉంటే చాలు, ఇంజినీరింగ్ చదవక్కర్లేదు.

తర్వాతది టార్క్, అంటే తిప్పే బలం. న్యూటన్ మీటర్లలో చెప్తారు. 12 వోల్టుల మంచి మిషన్లు 30 దాకా, 18 వోల్టులవి 50, ఆ పైన. కంపెనీలు పెట్టె మీద వేసేది గట్టి ఇనుములో స్క్రూ చటుక్కున ఆగినప్పటి అంకె. చెక్కలో మెల్లగా దిగేటప్పటి అంకె చాలా తక్కువ ఉంటుంది. అది లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండు మిషన్లని పోల్చేటప్పుడు రెండిటికీ ఒకే రకం అంకె చూడాలి.

వీటన్నిటికంటే నాకు పనికొచ్చిన మాట చెప్పింది మా వీధి చివర వడ్రంగి మావయ్య. ఆయన చెయ్యి కడుక్కుంటూ "మిషన్ సంగతి తర్వాత, మీ గోడ ఏ గోడ?" అని అడిగారు.

మా ఇంట్లో గోడలు ఒక రకం కాదు. వీధి వైపు మూడు గదులు మా మావగారి నాన్నగారి నాటివి. మందమైన గోడ, ఎర్ర ఇటుక, మధ్యలో మట్టి, పైన సున్నం. వెనక వైపు గదులు ఈ మధ్య కట్టినవి. ఫ్లైయాష్ ఇటుక, సిమెంటు ప్లాస్టరింగ్, కిటికీల మీద కాంక్రీటు లింటెల్, పైన స్లాబ్. ఇలా ముందు పాతదీ వెనక కొత్తదీ అతికించిన ఇళ్లు మా వీధిలో చాలానే ఉన్నాయి.

ఇక్కడ హేమర్ గురించి చెప్పాలి, ఎక్కువమంది తికమక పడేది ఇక్కడే. ఇంపాక్ట్ డ్రిల్ లోపల పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి. పన్ను పన్ను ఎక్కి దిగినప్పుడల్లా బిట్‌కి, అంటే కన్నం తొలిచే పుల్లకి, ఒక చిన్న దెబ్బ తగులుతుంది. నిమిషానికి ఇరవై వేలకి పైగా దెబ్బలు, ఒక్కొక్కటీ బలహీనం. బలం మన చెయ్యి నొక్కడంలోంచి రావాలి. ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే హేమర్ మిషన్ వేరే జాతి. అందులో పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలితో బిట్‌ని తంతుంది. నిమిషానికి నాలుగైదు వేల దెబ్బలే గానీ ఒక్కోటి నిజమైన దెబ్బ. కాంక్రీటుకి అదే కావాలి. మనం నొక్కాల్సిన పని కూడా పెద్దగా ఉండదు. రెండిటినీ జనం 'హేమర్' అనే అంటారు. ఇంపాక్ట్ డ్రైవర్ అని మూడోది కూడా ఉంది. అది స్క్రూలు, బోల్టులు బిగించడానికి, గోడ తొలచడానికి కాదు.

ఇప్పుడు మా గోడల వైపు చూడండి. ముందు గదుల్లో మట్టి, సున్నం. అక్కడ దెబ్బ కొడితే ఆరు మిల్లీమీటర్ల కన్నం పెట్టబోతే రూపాయి బిళ్లంత పెచ్చు ఊడుతుంది. అక్కడ హేమర్ అస్సలు వద్దు, మామూలుగా తిప్పి తొలవాలి. వెనక గదుల్లో ఫ్లైయాష్ ఇటుకకి చిన్న మిషన్ దెబ్బ సరిపోతుంది. మిగిలింది లింటెల్, స్లాబ్. వాటికి మరిది చెప్పిన 18 వోల్టుల ఇంపాక్ట్ డ్రిల్ కొన్నా సుఖం లేదు, పిస్టన్ మిషనే కావాలి. అంటే నాలుగైదు వేలు ఎక్కువ పెట్టి 18 కొంటే నాకు సులువయ్యే గోడ ఏదీ లేదన్నమాట. మా మరిది ఇంట్లో అన్నీ కొత్త గోడలు, పైగా అతను మంచాలు, బల్లలు సొంతంగా చేస్తాడు. అతనికి 18 న్యాయమే.

బరువు సంగతి కూడా ఉంది. 12 వోల్టులది బ్యాటరీతో కలిపి కిలో, కిలోంబావు మధ్య ఉంటుంది. 18ది కిలోన్నర దాటి రెండు కిలోల దాకా పోతుంది. చేతిలో పట్టుకుని చూస్తే తేడా ఏముందిలే అనిపిస్తుంది. స్టూలెక్కి, చెయ్యి తల పైకెత్తి, గోడకి నొక్కిపట్టి ఉంచినప్పుడు తెలుస్తుంది. పిడి లావు కూడా ముఖ్యమే. కొన్ని మిషన్ల పిడి పట్టుకుంటే నా చూపుడువేలు ట్రిగ్గర్ మీదికి సగమే అందింది. వీడియోల్లో ఈ మాట చెప్పేవాళ్లు కనపడలేదు, వాళ్ల చేతులు పెద్దవి కాబట్టి కాబోలు.

దుకాణానికి వెళ్లేటప్పుడు సంచిలో రెండు ముక్కలు పెట్టుకెళ్లాను. ఒకటి పెరట్లో పడున్న పాత ఎర్ర ఇటుక, ఇంకోటి ఇల్లు కట్టగా మిగిలిన ఫ్లైయాష్ ఇటుక. అత్తయ్య గుమ్మంలో నిలబడి "బజారుకి ఇటుకలు మోసుకెళ్తున్నావా?" అని అడిగారు. ఔనన్నాను. దుకాణదారు పెద్దాయన సంచిలోంచి నేను ఇటుకలు తీస్తుంటే మొదట బిత్తరపోయి, తర్వాత నవ్వి, "ఇలా కొనేవాళ్లు ఉంటే మాకు తిరిగిచ్చే గొడవే ఉండదమ్మా" అన్నారు. డెమో మిషన్ తీసి, ఆరు మిల్లీమీటర్ల కొత్త బిట్ వేసి ఇచ్చారు. ఫ్లైయాష్ ఇటుకలో 12 వోల్టుల మిషన్ హేమర్ మోడ్‌లో హాయిగా దిగింది. ఎర్ర ఇటుకలో హేమర్ లేకుండానే దిగింది. అదే దుకాణంలో 18 వోల్టులది కూడా తిప్పి చూశాను. వేగంగా దిగిందన్నది నిజం. కానీ మణికట్టు మీద పడిన లాగుడు కూడా నిజమే.

బాష్, మకీటా, డెవాల్ట్, స్టాన్లీ, ఇంగ్కో చూశాను. చివరికి తీసుకున్నది నీలం రంగు బాష్ 12 వోల్టుల ఇంపాక్ట్ డ్రిల్. రెండు బ్యాటరీలు, చార్జర్, పెట్టె కలిపి ఏడెనిమిది వేల మధ్య పడింది. రెండు గేర్లు ఉన్నాయి, స్క్రూలకి నెమ్మదిది, కన్నాలకి వేగంది. బిట్ పట్టుకునే చక్ 10 మిల్లీమీటర్లది, చేత్తోనే బిగించేది. రెండో బ్యాటరీ ఉండటం నాకు వోల్టుల కన్నా ముఖ్యం. ఒకే బ్యాటరీ ఉన్న సెట్ తక్కువకి వస్తుంది, కానీ స్టూలు మీద నిలబడి చార్జింగ్ కోసం ఎదురుచూసే ఓపిక నాకు లేదు. ఇంకొకటి గుర్తుంచుకోవాలి. బ్యాటరీ ఏ కంపెనీదైతే తర్వాత కొనే మిషన్లు కూడా ఆ కంపెనీవే, ఆ వోల్టులవే అయితేనే పనికొస్తాయి. బ్యాటరీ లేకుండా వట్టి మిషన్ తక్కువలో అమ్మడంలో కంపెనీల లెక్క కూడా అదే. మొదటి డ్రిల్ కొనేటప్పుడే మనం ఒక సంబంధం కలుపుకుంటున్నాం.

కొనేముందు "పాతపట్నం వెళ్లి చూడు, ఆంధ్రాలో చవక" అని ఇద్దరు ముగ్గురు అన్నారు. మా ఊరి నుంచి పాతపట్నం ఆటో దూరమే, సరుకులకి రోజూ జనం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. కానీ 2017లో జీఎస్టీ వచ్చాక ఈ మిషన్ల మీద పన్ను రెండు వైపులా 18 శాతమే. తేడా ఉంటే దుకాణదారు తగ్గించేదాంట్లో ఉండాలి. ఆన్‌లైన్‌లో ఇంకో మూడు నాలుగు వందలు తక్కువ చూపించింది. నేను దుకాణంలోనే కొన్నాను. బాగు చేయించాల్సి వస్తే ఎక్కడికి పంపుతారని అడిగితే ఆన్‌లైన్ అమ్మకందారు జవాబివ్వలేదు. ఈయన బరంపురం పంపిస్తానని, మిషన్ తన దగ్గర ఇస్తే చాలని చెప్పారు. పైగా నా ఇటుకల పొడి తన కౌంటర్ మీద పడితే ఏమీ అనలేదు.

బిట్ల దగ్గర మాత్రం పిసినారితనం చూపించకండి. మిషన్‌తో పాటు వచ్చే వంద ముక్కల సెట్లలో సగానికి పైగా అక్కరకి రావు. నేను గోడకి ఆరు, ఎనిమిది మిల్లీమీటర్ల కార్బైడ్ మొన ఉన్న బిట్లు, ఇనుముకి మూడు, నాలుగు, చెక్కకి రెండు సైజులు విడిగా తీసుకున్నాను. హేమర్ మిషన్ బిట్లకి వెనకాల గాడులుంటాయి, అవి ఈ చక్‌లో వాడేవి కావు. గుండ్రటి తోక ఉన్నవి లేదా ఆరు పలకలవి అడగాలి. రావల్ ప్లగ్గులు, అంటే స్క్రూ పట్టు కోసం కన్నంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టాలు, మాత్రం మంచివి కొనాలి. గోడలో వస్తువుని పట్టుకునేది మిషన్ కాదు, ఆ రెండు రూపాయల ప్లగ్గే.

ఇక పని. అన్నిటికన్నా ముందు కర్టెన్ రాడ్లు. కర్టెన్ రాడ్ బ్రాకెట్ మనం సహజంగా పెట్టాలనుకునే చోటు కిటికీకి కాస్త పైన, రెండు పక్కలా. సరిగ్గా అక్కడే కాంక్రీటు లింటెల్ ఉంటుంది. కిటికీ అంచు దాటి రెండు పక్కలా జానెడు లోపలికి కూడా పోయి ఉంటుంది. కొత్త ఇళ్లలో కొన్నిచోట్ల గది చుట్టూ బెల్టులా వేసేస్తారు, మాది అలాంటిదే. బిట్ ప్లాస్టరింగ్ దాటి అక్కడ ఆగిపోతే చాలామంది మిషన్ మంచిది కాదనుకుంటారు. నేను ముందే మేస్త్రీకి ఫోన్ చేసి లింటెల్ ఎంత ఎత్తు వేశాడో అడిగాను. ఆరంగుళాలన్నాడు. కిటికీ పై అంచు నుంచి ఎనిమిది అంగుళాలు కొలిచి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను. అక్కడ ఇటుకే, మెత్తగా దిగింది. రాడ్ కాస్త ఎత్తులో ఉంటే గది కూడా పొడుగ్గా కనిపిస్తోంది, ఇది అనుకోని లాభం.

పొడి రంగు చూడటం అలవాటు చేసుకుంటే గోడ లోపల ఏముందో తెలుస్తుంది. వెనక గదుల్లో ముందు ప్లాస్టరింగ్ పొడి, ఆ తర్వాత ఫ్లైయాష్ బూడిద రంగు, బిట్ సాఫీగా పోతూనే ఉంటుంది. బూడిద రంగే వస్తూ బిట్ ముందుకి పోకపోతే అది కాంక్రీటు. ముందు గదుల్లో మొదట తెల్లటి సున్నం, ఆ తర్వాత ఎరుపు. ఎరుపు వస్తే ఇటుక దొరికినట్టే. మట్టిరంగు వస్తే రెండిటుకల మధ్య సందులో పడ్డాం, అక్కడ ప్లగ్ నిలవదు, అంగుళంన్నర పైకో కిందికో జరగాలి. పాత గోడకి నేను ఎనిమిది మిల్లీమీటర్ల పొడుగు ప్లగ్గులే వాడుతున్నాను. పొడి నేల మీద పడకుండా కన్నం కింద పాత కవరు తెరిచి టేపుతో అంటిస్తాను. స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా ఎక్కడా తొలవకూడదు, వైర్లు ఎక్కువగా అటే పోతాయి. బాత్రూమ్ టైల్స్ మీద హేమర్ పొరపాటున కూడా వేయకూడదు. టేపు అంటించి, టైల్స్ బిట్‌తో నెమ్మదిగా తిప్పి, టైల్ దాటాక బిట్ మార్చుకోవాలి.

మేడ మీద రేకులకి ఈ మిషన్ ఎలా ఉంటుందోనని నాకు అనుమానం ఉండేది. సన్నటి ఇనుప పైపుల మీద సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు (తమ కన్నం తామే తొలుచుకుని దిగేవి) వేగం గేర్‌లో దింపింది, కాస్త టైమ్ తీసుకుంది. రోజంతా రేకులు బిగించేవాళ్లకి ఇది చాలదు. ఊడిన రెండు మూడు స్క్రూలు తిరిగి వేసుకోవడానికి చాలు. పక్కింటివాళ్లది పాత సిమెంటు రేకుల వసారా. దానికి కూడా కన్నాలు పెట్టమని అడిగారు. ఆ పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకి ప్రమాదం. కుదరదని చెప్పేశాను. కాస్త ముభావంగా ఉన్నారు, ఉండనీ.

మే నెలలో ఒకరోజు మేడ మీద పనయ్యాక వేడి బ్యాటరీని అలాగే చార్జర్‌లో పెడితే చార్జ్ ఎక్కలేదు. చార్జర్ పాడైందేమోనని అత్తయ్యకి టెన్షన్. అది పాడవడం కాదు. ఈ లిథియం బ్యాటరీలని మామూలుగా 45 డిగ్రీల లోపే చార్జ్ చేయాలి, వేడెక్కి ఉంటే చార్జర్ తనే ఆపేస్తుంది. లోపల గదిలో ఫ్యాన్ కింద చల్లారాక మామూలుగా ఎక్కింది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, తేమ పడుతుంది. నెలల తరబడి వాడకపోతే పూర్తిగా ఖాళీ చేసి వదిలేయకూడదు, సగం చార్జ్‌తో పక్కన పెట్టాలి. తుఫానుల కాలం, అంటే మాకు అక్టోబర్, నవంబర్‌లలో మాత్రం నేను రెండూ నిండా చార్జ్ చేసే ఉంచుతాను.

స్క్రూల గురించి ఒక్క మాట. చక్ వెనకాల అంకెల రింగు ఉంటుంది, దాన్ని క్లచ్ అంటారు. ప్లైకి స్క్రూ వేసేటప్పుడు ఐదో ఆరో పెట్టి మొదలెట్టి, దిగకపోతే ఒక్కో అంకె పెంచుకోవాలి. నేరుగా డ్రిల్ బొమ్మ మీద పెట్టి నొక్కితే స్క్రూ తల అరిగిపోతుంది, అరిగిన స్క్రూ బయటికి తీయడం వేయడం కన్నా కష్టం.

స్లాబ్‌కి ఉయ్యాల బల్ల కొక్కేలు మాత్రం మిగిలిపోయాయి. మనుషులు కూర్చునే బరువది, పెద్ద యాంకర్ బోల్టులు కావాలి, నా మిషన్ జోలికి తీసుకెళ్లలేదు. ఎలక్ట్రీషియన్ అబ్బాయి తన హేమర్ మిషన్ తెచ్చి వేస్తానన్నాడు. ఎప్పుడు అంటే "రేపు నానీ" అన్నాడు.